బాలింత చేతికందే బుట్ట

(వరంగల్ ప్రాంతపు మహిళా పాల ఉత్పత్తిదారుల సంఘాల అధ్యక్షురాళ్లు, కార్యదర్శులు, పాలకవర్గ సభ్యుల శిక్షణ తరగతిలో ఒక మహిళా విస్తరణ కార్యకర్త చేసిన ప్రసంగ పాఠం ఇది. పాల్గొన్నవారి కోరికపై సభ్య సంఘాలన్నిటికీ అందే విధంగా ప్రచురిస్తున్నాము.)



నిన్న ఈ తరగతిలో పచ్చిమేత గురించి, గాలికుంటు టీకాల గురించి, వెన్న శాతం గురించి చెప్పారు. ఇవాళ నన్ను బాలింతల గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. పాల సంఘంలో బాలింతల ముచ్చట ఏమిటని వెనుక వరుసలో ఎవరో అనుకోవడం నాకు వినబడింది. అడగవలసిన ప్రశ్నే అది. మన ఊళ్లలో మేత కోసేది, కుడితి పెట్టేది, పాలు పిండేది, కేంద్రానికి మోసేది ఎక్కువగా ఆడవాళ్లు. ఏటా వారిలో కొందరు ప్రసవిస్తారు, లేదా వారి కూతుళ్లో కోడళ్లో ప్రసవిస్తారు. అట్లాంటి ఇంటి నుంచి కేంద్రానికి వచ్చే పాలు ఒక్క పూట కూడా ఆగవు. ఆ ఇంట్లో చంటిబిడ్డకు అందవలసిన పాలు మాత్రం ఎన్నో పూటలు ఆగిపోతాయి. మొదటి సంగతి మన రిజిస్టరులో పూటపూటకూ రాసి ఉంటుంది. రెండోది ఏ రిజిస్టరులోనూ ఉండదు. అందుకని ఇక్కడ మాట్లాడుతున్నాను.

బర్రె ఈనగానే మీరేం చేస్తారు? దూడ మూతి, ముక్కు తుడుస్తారు. బొడ్డుకు అయోడిన్ పూస్తారు. లేచి నిలబడగానే పొదుగు దగ్గరికి తోస్తారు. పూర్వం మాయ పడేదాకా దూడను తాగనిచ్చేవారు కాదు. అంతసేపు ఆగనక్కరలేదని, మొదటి గంట రెండు గంటలలోనే ముర్రుపాలు పట్టాలని పశువైద్యులు ఏళ్ల తరబడి చెబుతూ వచ్చారు. మీరు విన్నారు. దూడ బరువులో పదో వంతు ముర్రుపాలు పట్టాలన్న లెక్క ఇక్కడ చాలామందికి నోటికి వచ్చు. ముర్రుపాలు అందని దూడ నిలవదని చూసి తెలుసుకున్నారు.

అదే ఇంట్లో బిడ్డ పుడితే ఏం జరుగుతున్నది? పాలు పచ్చగా, చిక్కగా ఉన్నాయి, బిడ్డకు అరగవు, మూడో నాటి నుంచి ఇద్దామని తల్లి ముర్రుపాలు పిండి పారబోసే వాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఆ మూడు దినాలూ తేనె నాకిస్తారు, చక్కెర నీళ్లు పోస్తారు. పాలు పడలేదని అనుకున్నచోట డబ్బా పాలు తెప్పిస్తారు. 2019-20లో జరిగిన అయిదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్క చూడండి. మన తెలంగాణలో నూటికి 97 కాన్పులు ఆసుపత్రులలోనే జరిగాయి. అయినా పుట్టిన గంటలోపల తల్లిపాలు అందిన పిల్లలు నూటికి 37 మందే. ఆసుపత్రి దాకా వచ్చిన తల్లికి, ఆమె పక్కనే పడుకున్న బిడ్డకు నడుమ ఏదో అడ్డం ఉన్నదన్న మాట.

దూడకూ మనిషి బిడ్డకూ ఒక తేడా ఉన్నది, అది కూడా చెప్పాలి. దూడకు రోగాన్ని తట్టుకునే శక్తి కడుపులో ఉండగా తల్లి నుంచి దాదాపుగా రాదు, అంతా ముర్రుపాల ద్వారానే రావాలి. మనిషి బిడ్డకు కొంత శక్తి గర్భంలోనే చేరుతుంది. కాని పేగులను, గొంతును కాపాడే శక్తి ముర్రుపాలతోనే వస్తుంది. తొలినాడు వచ్చేవి చెంచాడు, రెండు చెంచాలే. పుట్టిన బిడ్డ పొట్ట కూడా అంతే చిన్నది. పాలు పడలేదని అత్తగారు కంగారు పడేది సరిగ్గా ఆ దినమే.

ఇక చేపు సంగతి. ఇది మీకు నేను చెప్పేది కాదు, మీరే నాకు చెప్పాలి. దూడ నోరు పెట్టి కుమ్మితేనే బర్రె చేపుతుంది. కొత్త మనిషి వచ్చి కూర్చున్నా, కుక్క మొరిగినా, ఎవరైనా కర్ర ఎత్తినా ఎగచేపుతుంది. పొదుగులో పాలుంటాయి, చుక్క రాలదు. తల్లికీ అంతే. బిడ్డ చప్పరించినప్పుడు ఒంట్లో ఒక రసం ఊరి పాలను కిందికి దించుతుంది. దాని పేరు ఆక్సిటోసిన్. భయం, నొప్పి, తొందర, చిన్నబుచ్చే మాట, వీటిలో ఏది ఉన్నా ఆ రసం సరిగ్గా పనిచేయదు. పదిమంది చుట్టూ చేరి “పాలు పడ్డాయా, పడ్డాయా” అని అడుగుతుంటే పడే పాలు కూడా ఆగుతాయి.

ఇంకొకటి. మొదట పిండిన పాలు పలచగా ఉంటాయి, చివరి ధారలలో వెన్న ఎక్కువ. అందుకే గదా మీరు పొదుగును పూర్తిగా పిండుతారు! తల్లిపాలు కూడా మొదట దప్పిక తీర్చేట్లు పలచగా వస్తాయి, తరువాత వెన్న పెరుగుతుంది. ఒక పక్క నాలుగు గుక్కలు తాగగానే రెండో పక్కకు మార్చితే బిడ్డకు నీళ్లపాలే దక్కుతాయి. ఒక పక్క పూర్తిగా వదిలేదాకా తాగనిచ్చి తరువాత మార్చాలి. పొదుగులో పాలు మిగిల్చితే బర్రె వట్టిపోతుంది గదా, అట్లాగే బిడ్డ తక్కువ చప్పరించిన కొద్దీ తల్లికి పాలు తగ్గుతాయి. ఒక సీసా పాలు పట్టిన పూట తల్లి దగ్గర ఒక పూట పాలు మిగులుతాయి. నాలుగు దినాలు అట్లా జరిగితే “నాకు పాలు లేవు” అన్న మాట నిజమే అవుతుంది.

ఆడదాన్ని పశువుతో పోల్చుతున్నానని ఎవరూ కోపగించుకోవద్దు. పశువుకు మీరు చూపే శ్రద్ధ ఇంట్లో ప్రసవించిన మనిషికి చూపమని అంటున్నాను. పాలిచ్చే బర్రెకు ఒంటికి కావలసిన దాణా గాక, ప్రతి 2 లీటర్ల పాలకు ఒక కిలో దాణా అదనంగా వేస్తారు. బిడ్డకు పాలిచ్చే తల్లి రోజుకు ఇంచుమించు ముప్పావు లీటరు పాలు తయారు చేస్తుంది. మరి ఆమెకు అదనంగా ఏం వేస్తున్నాము? పథ్యం పేరు చెప్పి పాత బియ్యం అన్నం, ఎల్లిగడ్డ కారం పెడుతున్నాము. కూర వద్దు, పెరుగు వద్దు, నీళ్లు ఎక్కువ వద్దు. మొదటి ఆరు నెలలు పాలిచ్చే తల్లికి రోజుకు 600 కేలరీలు అదనంగా కావాలని భారత వైద్య పరిశోధన మండలి లెక్క కట్టింది. అంటే మామూలుగా తినేదానికి తోడు రెండు జొన్న రొట్టెలు, ఒక గిన్నెడు పప్పు, ఒక గ్లాసు పాలు. ఇది విందు భోజనమేమీ కాదు. మన ఇండ్లలో ఉండేదే.

ఇప్పుడు బుట్ట దగ్గరికి వస్తాను.

సర్కారు కొన్ని వస్తువులు ఇచ్చింది. 2017 జూన్‌లో ప్రారంభించిన కేసీఆర్ కిట్ సంచిలో తల్లికి చీరలు, బిడ్డకు బట్టలు, దోమతెర, సబ్బులు, నూనె వంటివి ఉండేవి. 2022 డిసెంబరులో గర్భిణుల కోసం తొమ్మిది జిల్లాలలో మొదలుపెట్టిన న్యూట్రిషన్ కిట్‌లో ఖర్జూరం, నెయ్యి, పోషకాల పొడి, ఐరన్ సిరప్ ఇచ్చారు. పాత వరంగల్ జిల్లా నుంచి ములుగు, జయశంకర్ భూపాలపల్లి ఆ తొమ్మిదిలో ఉన్నాయి. ఆ వస్తువులతో పాటు ఒక ప్లాస్టిక్ బుట్ట కూడా ఇచ్చారు. ఇవాళ ఆ బుట్టలు ఎన్నో ఇండ్లలో ఉల్లిగడ్డలు మోస్తుంటాయి. దొరికితే దాన్నే కడిగి వాడుకోవచ్చు.

నేను చెప్పే బుట్ట వేరే పని కోసం. తల్లి బిడ్డను పట్టుకొని కూర్చున్నప్పుడు లేవకుండా, ఎవరినీ పిలవకుండా, చెయ్యి చాపితే కావలసినవన్నీ అందాలి. అంతే దీని ఉద్దేశం. చిన్నబిడ్డ రాత్రింబవళ్లు కలిపి 8 నుంచి 12 సార్లు పాలు తాగుతుంది. ప్రతిసారీ పావుగంట, అరగంట. బిడ్డ తాగడం మొదలుపెట్టగానే తల్లికి గొంతెండుకుపోతుంది. అది శరీర ధర్మం. ఆ వేళ నీళ్ల చెంబు వంటింట్లో ఉంటుంది. అడగడానికి కోడలికి మొహమాటం. లేస్తే బిడ్డ రొమ్ము వదులుతుంది. పెద్ద ఆపరేషన్ అయిన తల్లి అయితే తానుగా లేవనే లేదు. ఇందాక చెప్పిన సర్వేలోనే మన రాష్ట్రంలో నూటికి 60 కాన్పులు ఆపరేషన్‌తో అయినట్లు తేలింది. కడుపు మీద కుట్లున్న మనిషికి రెండడుగుల దూరంలో ఉన్న చెంబు రెండు మైళ్ల దూరంలో ఉన్నట్లే.

బుట్ట ఎట్లాంటిది? మేదరి వాళ్లు అల్లిన వెదురు గంప చూడడానికి అందంగా ఉంటుంది, నాకూ ఇష్టమే. కాని సందులలో దుమ్ము, బొద్దింకలు చేరతాయి, కడగడం కష్టం. ఒంటి చేత్తో ఎత్తగలిగే పిడి ఉన్న ప్లాస్టిక్ బుట్ట మేలు. అడుగున గుడ్డ పరచాలి. నిండితే మూడు కిలోలు మించకూడదు. బాలింత బరువులెత్తరాదు గనుక.

మొదట పెట్టవలసినది మూత బిగుతుగా ఉన్న లీటరు స్టీలు సీసా, నిండా కాచి చల్లార్చిన నీళ్లు. బాలింత నీళ్లు తాగితే పొట్ట జారుతుందని, బిడ్డకు జలుబు చేస్తుందని అనే పెద్దమ్మలు ఇక్కడ కూడా ఉన్నారు, నాకు తెలుసు. పెద్దమ్మా, కుడితి తొట్టి ఖాళీగా ఉంటే నీ బర్రె పాలిస్తుందా? దప్పికైనప్పుడల్లా తాగనివ్వండి. దప్పిక లేకుండా బలవంతంగా తాగించనక్కరలేదు కూడా.

తరువాత ఒక చిన్న డబ్బాలో తిండి. ఒంటి చేత్తో తినగలిగేవి, చెడిపోనివి. పల్లీ పట్టీలు, నువ్వుల ఉండలు, పుట్నాలు బెల్లం, ఖర్జూరం, ఒక అరటిపండు. బతుకమ్మ పండుగకు చేసే మలీద ముద్దలు మీ అందరికీ వచ్చు. సజ్జ రొట్టె, బెల్లం, నెయ్యి కలిపి చేసే ఆ ముద్ద రాత్రి రెండు గంటలకు ఆకలయ్యే తల్లికి ఎంత మంచిదో! అర్ధరాత్రి వంటిల్లు తెరిచి తినడానికి ఏ కోడలికీ ధైర్యం చాలదు. బుట్టలో ఉంటే ఎవరినీ అడగనక్కరలేదు.

పాత నూలు చీర ఒకటి చింపి పది పన్నెండు ముక్కలు చేయండి. ఉడకబెట్టి, నేరుగా ఎండలో ఆరేసి, మడత పెట్టి ఒక శుభ్రమైన సంచిలో ఉంచండి. బిడ్డ మూతి తుడవడానికి, కారే పాలు అద్దడానికి, భుజం మీద వేసుకొని బిడ్డను తేన్పించడానికి ఇంతకంటె మెత్తని గుడ్డ బజారులో దొరకదు. ఒక చిన్న సబ్బు బిళ్ల కూడా ఉండాలి. అది చేతులకు మాత్రమే. ప్రతిసారీ సబ్బుతో రొమ్ము కడగనక్కరలేదు, కడిగితే ఎండి పగుళ్లు వస్తాయి. పగుళ్లకు ఏ క్రీమూ కొననక్కరలేదు. పాలిచ్చిన తరువాత రెండు చుక్కల పాలు అక్కడే రాసి గాలికి ఆరనిస్తే చాలు. పగుళ్లు ఎక్కువగా ఉన్నాయంటే బిడ్డ నోరు సరిగ్గా పట్టలేదన్న మాట. మొన ఒక్కటే కాదు, చుట్టూ ఉన్న నల్లని భాగం కూడా చాలావరకు నోట్లోకి పోవాలి. ఆశా కార్యకర్తను గాని నర్సమ్మను గాని పిలిచి ఒక్కసారి చూపించుకోండి.

రొమ్ము గడ్డకట్టినట్లయితే ఏం చేయాలని మొన్న ఒక ఊళ్లో అడిగారు. బర్రెకు పొదుగువాపు వస్తే ఆ పాలు కేంద్రానికి తేవద్దని మీకు చెబుతాము. అదే పద్ధతి తల్లికి పట్టించి బిడ్డను దూరం చేస్తున్నారు. తల్లి విషయంలో అది తప్పు. పాలు గట్టిపడినా, వాపు వచ్చినా పాలివ్వడం మానకూడదు. మానితే ఇంకా గట్టిపడుతుంది. జ్వరం వచ్చినా, చీము కనబడినా వెంటనే డాక్టరు దగ్గరికి పోవాలి.

బుట్టలో మాత్రల చీటీ కూడా ఉండాలి. కాన్పు తరువాత 180 రోజులు ఐరన్ మాత్ర రోజుకొకటి, కాల్షియం మాత్రలు రోజుకు రెండు వేసుకోవాలి. ఐరన్, కాల్షియం కలిపి వేసుకోవద్దు, ఒకదాన్ని ఇంకొకటి చెడగొడుతుంది. ఐరన్ మాత్ర చాయ్‌తోనూ, పాలతోనూ వద్దు. తల్లీబిడ్డల కార్డు, 108, 102 నంబర్లతో పాటు ఆశా కార్యకర్త నంబరు రాసిన కాగితం, రాత్రి కోసం చిన్న టార్చిలైటు. ఒక చిన్న దిండు బుట్ట మీద పెడితే బిడ్డను మోచేతి కింద ఎత్తుగా పెట్టుకోవడానికి పనికివస్తుంది. లేకుంటే వంగి వంగి తల్లి నడుము పోతుంది.

ఇక ఉగ్గుగిన్నె. మన అమ్మమ్మల ఇండ్లలో ముక్కున్న చిన్న గిన్నె ఉండేది, గుర్తున్నదా? అటక మీద వెతికితే ఇప్పటికీ దొరుకుతుంది. నెలలు నిండకుండా పుట్టి చప్పరించలేని బిడ్డలకు తల్లిపాలు పిండి పట్టడానికి ఆసుపత్రులలో డాక్టర్లు, నర్సులు వాడేది అట్లాంటి గిన్నెనే. సీసా కంటె ఇది వేయి రెట్లు మేలు, ఎందుకంటే లోపలంతా కంటికి కనబడుతుంది, వేలు పెట్టి కడగవచ్చు, ఉడకబెట్టవచ్చు. పాలక్యాను మూతలో, రబ్బరు రింగులో ఎంత మురికి దాగుతుందో మీకు తెలుసు. రబ్బరు పీకలోనూ అంతే. అందుకని బుట్టలో ఉగ్గుగిన్నె, ఒక మూత గిన్నె, ఒక చెంచా పెట్టమంటాను. అయితే గిన్నె ఉంచండి గాని ఉగ్గు వద్దు. ఆముదం, వస కొమ్ము, తేనె, గ్రైప్ వాటర్, ఏదీ వద్దు. తేనె అయితే ఏడాది నిండేదాకా పనికిరాదు. మన వరంగల్ ఎండలలో కూడా ఆరు నెలల లోపు బిడ్డకు వేరే నీళ్లు అక్కరలేదు. తల్లిపాలలో నూటికి 87 వంతులు నీళ్లే.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. మనది పాలు అమ్ముకునే సంస్థ. బర్రెపాలతో పొడి చేయడం సాధ్యం కాదన్న రోజులలో 1955లో ఆణంద్‌లో దలాయా గారు చేసి చూపించారు. ఆ గొప్పతనం సహకార రంగానిది, మనకు గర్వం. కాని మన పాలు ఆరు నెలల లోపు పిల్లల కోసం కాదు. బర్రెపాలలో మాంసకృత్తులు ఇంచుమించు 4 శాతం, తల్లిపాలలో 1 శాతం. వెన్న బర్రెపాలలో 7 శాతం, తల్లిపాలలో దాదాపు సగం. ఆవుదూడ రెండు నెలలు తిరగకుండానే పుట్టిన బరువుకు రెట్టింపవుతుంది, మనిషి బిడ్డకు అయిదు నెలలు పడుతుంది. ఎవరి పాలు వారి పిల్ల ఎదిగే వేగానికి సరిపోయేట్లు ఉన్నాయి. నీళ్లు కలిపి పలచన చేస్తే మన పాలు తల్లిపాలు కావు, పలచని బర్రెపాలు అవుతాయి. పసిపిల్లల పాలపొడికి, పాలసీసాలకు ప్రచారం చేయరాదని, తల్లులకు ఉచితంగా పంచరాదని 1992లో చట్టమే వచ్చింది, 2003లో దాన్ని ఇంకా గట్టి చేశారు. ప్రతి పాలపొడి డబ్బా మీద తల్లిపాలే శ్రేష్ఠమని రాయాలి. కనుక పాల సంఘం ఇచ్చే బుట్టలో పాలసీసా, పాలడబ్బా ఉండరాదు. తల్లి లేని బిడ్డ, తల్లికి పెద్ద జబ్బు ఉన్న బిడ్డ సంగతి వేరు. వారికి డాక్టరు చెప్పినట్లు చేయాలి, వారిని ఎవరూ ఒక్క మాట అనకూడదు.

బుట్టకు పిడి ఎందుకన్నానో ఇప్పుడు చెబుతాను. బాలింత ఒకచోట ఉండదు. ఎనిమిదో నెలలోనే బుట్ట సర్దితే కాన్పుకు వరంగల్ సీకేఎం ఆసుపత్రికి పోయినా, హనుమకొండ ప్రసూతి ఆసుపత్రికి పోయినా వెంట పోతుంది. తొలికాన్పయితే తల్లిగారింట కొన్ని నెలలు ఉండి అత్తగారింటికి బస్సులో వస్తుంది. 6, 10, 14 వారాలకు బిడ్డకు టీకాలు వేయించాలి. బస్సులో, దవాఖానా వరుసలో పాలివ్వడానికి పైన కప్పుకొనే ఒక పలుచని తువ్వాల బుట్టలో ఉంటే తల్లికి బెరుకు తగ్గుతుంది.

ఆ తరువాత చేను. పత్తి ఏరుడు దసరాకు మొదలవుతుంది, మిరప ఏరుడు సంక్రాంతి దాటితే ముమ్మరం. ఎనుమాముల మార్కెట్టుకు ఆ మిరప అంతా ఆడవాళ్ల చేతుల మీదుగానే పోతుంది. మూడు నెలల బిడ్డను చెట్టు కింద చీర ఉయ్యాలలో వేసి మిరప ఏరే తల్లులను మీరందరూ చూశారు. బిడ్డ ఏడ్వగానే పరుగెత్తి వచ్చి అవే చేతులతో బిడ్డను ఎత్తుకుంటుంది, అదే కొంగుతో మూతి తుడుస్తుంది. మిరప ఘాటు బిడ్డ కళ్లకు, నోటికి తగులుతుంది. పత్తి చేనులో అయితే కొట్టిన పురుగుమందు కొంగుకు అంటి ఉంటుంది. అందుకే బుట్టలో సబ్బు, వేరే సీసాలో కడుక్కునే నీళ్లు, మార్చుకోవడానికి ఒక ఉతికిన రవిక గాని పైగుడ్డ గాని తప్పకుండా ఉండాలి. కొట్టంలో పేడ ఎత్తి వచ్చినవారికీ ఇదే వర్తిస్తుంది. ముందు చేతులు మోచేతుల దాకా కడగాలి, తరువాతే బిడ్డ.

బిడ్డను ఇంట్లో వదిలి పోక తప్పనివారు పోయే ముందు పాలు పిండి మూత గిన్నెలో పెట్టి పోవచ్చు. పాలు నిల్వ చేయడం మీకు వచ్చిన విద్యే. పిండిన పాలు వెచ్చగా ఉన్నకొద్దీ సూక్ష్మక్రిములు పెరుగుతాయి, అందుకే కేంద్రంలో 4 డిగ్రీలకు చల్లబరుస్తారు. తల్లిపాలు చల్లని గదిలో 4 గంటలు ఉంటాయి, ఫ్రిజ్‌లో ఒక రోజు ఉంటాయి. మన ఎండాకాలంలో 4 గంటల మీద నమ్మకం పెట్టుకోవద్దు. నీళ్లకుండ పక్కన తడిగుడ్డ చుట్టి పెట్టి, వీలైనంత తొందరగా ఉగ్గుగిన్నెతో పట్టాలి. మిగిలినవి మళ్లీ వాడరాదు. తల్లిపాలను పొయ్యి మీద కాచరాదు, గిన్నెను వేడినీళ్లలో పెడితే చాలు.

ఇంతదాకా చెప్పింది బుట్టలోకి పట్టే వస్తువులు. బుట్టలోకి పట్టనిది ఒకటున్నది, అది తల్లికి తీరిక. అది ఇవ్వగలిగింది సంఘమే. నేను తిరిగిన ఊళ్లలో ఒకచోట పొద్దున అయిదు గంటలకు పాలు పోయడానికి వచ్చినామె చీర ముందర తడిసి ఉన్నది. పాలు ఒలికాయేమో అనుకున్నారు పక్కవాళ్లు. కాదు. కాన్పయి ఇరవై దినాలు, బిడ్డ ఇంట్లో ఏడుస్తున్నది, ఇక్కడ వరుసలో ఆమె ముందు ఇంకా పదకొండు మంది. ఆమె క్యానులో బర్రెపాలు నాలుగు లీటర్లు. ఆ పూట వెన్న బాగానే వచ్చింది కూడా.

అందుకని సంఘాల ముందు మూడు సంగతులు పెడుతున్నాను. బాలింత సభ్యురాలి ఇంటికి ఆరు వారాల పాటు పక్కింటి సభ్యులు వంతు వేసుకొని పాలు పిండి, ఆమె పేరు మీదే కేంద్రంలో పోయాలి. బర్రె కొత్త చేతికి ఎగచేపుతుంది గనుక కాన్పుకు పది దినాల ముందు నుంచే వంతువారు వెళ్లి అలవాటు చేయాలి. పాలు పోసే వరుసలో పాలిచ్చే తల్లిని ముందుకు పంపాలి, దీనికి పైసా ఖర్చు లేదు. రెండోది, ఆ ఇంటి నుంచి రోజూ అర లీటరు పాలు తక్కువ పోయించుకోండి. ఉన్నవన్నీ క్యానులో పోసి బాలింతకు నల్ల చాయ్ ఇవ్వడం మన సంఘాలకు పేరు తెచ్చే పని కాదు. 2015 జనవరి 1న మొదలైన ఆరోగ్యలక్ష్మి పథకం కింద అంగన్‌వాడీలో బాలింతకు ఒక పూట భోజనం, గుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలు పెట్టారు. సర్కారు పాలు పెడుతుంటే పాడి ఉన్న ఇంట్లో పాలు లేకపోవడమేమిటి? మూడోది కొంచెం కష్టమైనది. ఓటుకు, బోనసుకు ఏడాదిలో ఇన్ని దినాలు పాలు పోయాలన్న షరతు కొన్ని సంఘాల నియమావళిలో ఉంటుంది. కాన్పు వల్ల పోయలేని దినాలను ఆ లెక్కలో నుంచి మినహాయించేట్లు సర్వసభ్య సమావేశంలో తీర్మానం చేయండి. ఓటు పోతుందన్న భయంతో ఎవరూ పచ్చి ఒంటితో కొట్టంలోకి పోకూడదు.

ఇది జరిగేదేనా అని అనుమానం అక్కరలేదు. ములుకనూరులో 2000 సంవత్సరంలో మహిళా డెయిరీ పెట్టినప్పుడు, ఆడవాళ్లే సభ్యులై, ఆడవాళ్లే పాలకవర్గమై డెయిరీ నడుపుతారా అని నవ్వినవాళ్లు ఉన్నారు. ఆ ఊరు అప్పుడు కరీంనగర్ జిల్లా, 2016లో వరంగల్ అర్బన్‌లోకి వచ్చింది, ఇప్పుడు హనుమకొండ జిల్లా. వాళ్లు ఏ నియమం పెట్టుకున్నా ఆడవాళ్లే కూర్చుని పెట్టుకుంటారు. మీరు కూడా అంతే చేయవచ్చు. కలగలుపు సంఘాలలో తీర్మానాన్ని మగవారి చేత ప్రతిపాదింపజేస్తే ఇంకా సులువుగా నెగ్గుతుంది, ఇది నా అనుభవం.

ఖర్చు సంగతి మీ పద్దులు రాసే కార్యదర్శికి వదిలేస్తున్నాను. బుట్ట, నీళ్ల సీసా, మూత గిన్నె, ఉగ్గుగిన్నె, టార్చిలైటు సంఘం కొనాలి. తిండి, గుడ్డలు, దిండు ఇంటివారు సమకూర్చాలి. ఏటా ఎన్ని కాన్పులుంటాయో అన్ని బుట్టలు కొననక్కరలేదు. బిడ్డకు ఆరు నెలలు నిండి అన్నం ముట్టించిన తరువాత స్టీలు సామాను ఉడకబెట్టి, బుట్ట కడిగి ఎండబెట్టి, సంఘానికి తిరిగి ఇస్తే ఇంకొకరికి పోతుంది. తల్లి మాత్రం పాలివ్వడం రెండేళ్ల దాకా కొనసాగించాలి, బుట్టతో పాటు ఆపేయవద్దు. బుట్ట ఎవరి ఇంట్లో ఉన్నదో ఒక పుస్తకంలో రాయండి. మన పుస్తకాలలో పాలు పోసిన లెక్క మాత్రమే ఉండాలన్న రూలేమీ లేదు.

నేను సర్ది తెచ్చిన బుట్ట అదిగో, ఆ బల్ల మీద పెట్టాను. భోజనాలకు లేచే ముందు ఒక్కొక్కరూ వచ్చి ఎడమ చేత్తో ఎత్తి చూడండి, కుడి చేతిలో బిడ్డ ఉంటుంది గనుక. బరువనిపిస్తే ఏది తీసేయాలో చెప్పండి. నువ్వుల ఉండలు మాత్రం ఎవరూ తీయవద్దు, అవి మధ్యాహ్నం తరగతికి వచ్చే ఇద్దరు బాలింతల కోసం తెచ్చినవి. సెలవు.